గడ్డ ఉందన్నారు, సరే. ఏం గడ్డ?

"ఆ రోజు మీరు కనిపెట్టారు కాబట్టే బతికి బట్టకట్టాను డాక్టరమ్మా" అంటూ ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది.

నడుం నొప్పికి ఎంఆర్‌ఐ కోసం వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ళు. స్కూలు యూనిఫాంలో ఉన్న కూతురు ప్లాస్టిక్ కవరు పట్టుకుని పక్కన నిలబడింది. మెషీన్ గదిలోకి పంపే ముందు పాత ఆపరేషన్ల గురించి, ఒంట్లో క్లిప్పులు, రాడ్లు ఏమైనా ఉన్నాయా అని అడుగుతాం. అడిగితే ఆ కవరులోంచి కాగితాలు తీసింది. అందులో ఐదేళ్ళ కిందటి ఎంఆర్‌ఐ రిపోర్టు ఉంది. కింద సంతకం నాదే.

ఎడమ ఓవరీలో 6 సెంటీమీటర్ల గట్టి గడ్డ, పొత్తికడుపులో కాస్త నీరు. చివర్లో మా రేడియాలజిస్టులకి ఊతపదమైపోయిన ముక్క: "కెనాట్ రూల్ అవుట్ మాలిగ్నెన్సీ. అడ్వైజ్ క్లినికల్ కోరిలేషన్." క్యాన్సర్ కాదని నేను చెప్పలేను, మీ తంటాలు మీరు పడండి అని దాని అసలు అర్థం. ఆ కాగితం వెనక డిశ్చార్జి సమ్మరీ. గర్భసంచి, రెండు ఓవరీలు, అన్నీ తీసేశారు. దాని వెనక, మడత కూడా సరిగ్గా విప్పని బయాప్సీ రిపోర్టు. ఫైబ్రోమా అని ఉంది. అంటే పీచు గడ్డ. క్యాన్సర్ కాదు.

అది ఆవిడకి ఎవరూ చదివి చెప్పలేదని తెలుస్తూనే ఉంది. ముప్పై నాలుగేళ్ళకే ముట్లు ఆగిపోయిన మనిషి నాకు దండం పెడుతోంది. ఏమనాలో తోచక, నడుం ఎప్పట్నుంచి నొప్పి అని అడిగాను.

ఆ రాత్రి పాత బొమ్మలు తెరిచి చూశాను. టీ2 అనే రకం ఎంఆర్‌ఐ బొమ్మలో (అందులో నీరు తెల్లగా కనిపిస్తుంది) గడ్డ బొగ్గులా నల్లగా ఉంది. డిఫ్యూజన్ అనే ఇంకో రకం బొమ్మ తీయలేదు. కాంట్రాస్ట్, అంటే బొమ్మ తేటగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు, ఇవ్వలేదు. మెషీన్‌లో "రొటీన్ పెల్విస్" అని ఒక బటన్ ఉంటుంది, అది నొక్కేసి పావుగంటలో దింపేశారు. కాంట్రాస్ట్‌కి ఇంకో రెండు మూడు వేలవుతుందంటే ఆవిడ భర్త వద్దన్నాడు, నేను సరేనన్నాను. గుర్తుంది నాకు. ఇది ఫైబ్రోమాలా ఉందే అని ఆ రోజే అనిపించింది కూడా. రాయలేదు. రాసి తప్పయితే నా మెడకి చుట్టుకుంటుంది. రాయకపోతే ఏమీ కాదు. నాకు ఏమీ కాదు, అని చదువుకోవాలి దాన్ని.

ఓవరీ క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చేసే సిఏ-125 రక్తపరీక్షలో ఆ రోజు ఆవిడకి 58 వచ్చింది. 35 దాటితే ఎక్కువ అని ల్యాబ్ కాగితం మీదే అచ్చేసి ఉంటుంది కాబట్టి ఇంటిల్లిపాదికీ ఆ సంఖ్య చూడగానే గుండె జారిపోతుంది. కానీ 1990 నుంచి వాడుకలో ఉన్న ఆర్‌ఎంఐ (గడ్డ క్యాన్సర్ అయ్యే ప్రమాదాన్ని అంచనా వేసే సూచిక) అనే మొరటు లెక్క ఒకటుంది: స్కానింగ్‌లో అనుమానపు లక్షణాలు రెండు అంతకు మించి ఉంటే 3, ముట్లు ఇంకా వస్తుంటే 1, ఈ రెంటినీ సిఏ-125తో హెచ్చవేయాలి. 200 దాటితే భయపడాలి. ఆవిడకి 3 ఇంటూ 1 ఇంటూ 58, అంటే 174. ఆ పాత లెక్క కూడా ఆవిడని గీతకి ఇవతలే ఉంచింది. కోట్ల రూపాయల మెషీన్ పెట్టుకుని నేను ఉంచలేకపోయాను.

అందుకే ఈ వ్యాసం. ఓవరీ గడ్డకి ఎంఆర్‌ఐ తీయించాలా వద్దా అన్న చర్చ చాలాచోట్ల విన్నాను. నా బాధ అది కాదు. తీస్తే పూర్తిగా తీయాలి, తీశాక ఒక మాట మీద నిలబడాలి. సగం తీసి, సగం చెప్పే ఎంఆర్‌ఐ కంటే అసలు తీయకపోవడమే నయం. ఎందుకంటే ఎంఆర్‌ఐ కూడా తేల్చలేదట అన్న ముద్ర పడ్డాక కత్తికి ఇక అడ్డు చెప్పేవాళ్ళుండరు.

మొదట ఒక మాట చెప్పాలి, లేకపోతే రేపు పొద్దున్నే నీటి బుడగ ఉన్న ప్రతి ఆడపిల్లా మా సెంటర్ ముందు క్యూ కడుతుంది. చాలా గడ్డలకి ఎంఆర్‌ఐ అక్కర్లేదు. ముట్లు వచ్చే వయసులో 3 సెంటీమీటర్ల లోపు నీటి తిత్తి జబ్బే కాదు, నెలనెలా అండం పెరిగే సంచి అది. ఇంకాస్త పెద్దదైనా, లోపల పొరలూ కండా లేకుండా ఉత్త నీరే ఉంటే రెండు మూడు నెలలాగి మళ్ళీ అల్ట్రాసౌండ్ చేస్తే ఎక్కువసార్లు మాయమైపోయి ఉంటుంది. అల్ట్రాసౌండ్ బాగా వచ్చినవాళ్ళు చూస్తే ఓవరీ గడ్డల్లో అత్యధిక భాగం అక్కడే తేలిపోతాయి. ఏ లక్షణమూ లేని ఆరోగ్యవంతులకి ముందుజాగ్రత్త స్కానింగులు కూడా నేను ఒప్పుకోను. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా స్త్రీలని చేర్చుకుని, అందులో సుమారు సగం మందిని ఏళ్ళ తరబడి రక్తపరీక్షతోనో అల్ట్రాసౌండ్‌తోనో గమనించి, మిగతావాళ్ళతో పోల్చిన పెద్ద అధ్యయనం తుది ఫలితాలు 2021లో వచ్చాయి. ఓవరీ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు.

ఎంఆర్‌ఐ పని ఎక్కడంటే, అల్ట్రాసౌండ్ చేసిన మనిషి ప్రోబ్ పక్కన పెట్టి "ఏదో ఉంది, ఏమిటో తెలీడం లేదు" అన్నచోట.

గడ్డలో ఏ సరుకుందో అది చెబుతుంది. టీ1 అనే ఇంకో రకం బొమ్మలో కొవ్వు తెల్లగా ఉంటుంది, పాత రక్తం కూడా తెల్లగానే ఉంటుంది. కొవ్వు ఉంటే డెర్మాయిడ్, రక్తం ఉంటే చాక్లెట్ సిస్ట్. రెంటినీ విడదీయడానికి కొవ్వు సిగ్నల్‌ని ఆర్పేసే పద్ధతి ఉంది. అది పెట్టి మళ్ళీ తీస్తే డెర్మాయిడ్ కరెంటు పోయిన ఇల్లులా నల్లబడిపోతుంది, చాక్లెట్ సిస్ట్ అలాగే వెలుగుతూ ఉంటుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. వెంట్రుకలు, ఒక్కోసారి పళ్ళు కూడా ఉండే డెర్మాయిడ్ గడ్డని కడుపు కోయకుండా పేరు పెట్టి పిలుస్తున్నామంటే మాటలా.

ఇంతవరకు పాత విద్యే. ఇప్పుడు అడ్వాన్స్‌డ్ అంటున్నవి ముఖ్యంగా రెండు, డిఫ్యూజన్, డైనమిక్ కాంట్రాస్ట్.

డిఫ్యూజన్ అంటే కణాల మధ్య నీటి అణువులు ఎంత తేలిగ్గా అటూ ఇటూ తిరుగుతున్నాయో కొలవడం. సంక్రాంతి ముందు రోజు మా ఊరి ఆర్టీసీ బస్టాండు ఊహించుకోండి. అడుగు తీసి అడుగు వేయలేం. అదే బస్టాండులో పండగ వెళ్ళాక వీధికుక్క కూడా హాయిగా కాళ్ళు చాపుకుని పడుకుంటుంది. క్యాన్సర్ గడ్డలో కణాలు కిక్కిరిసి ఉంటాయి, నీరు కదల్లేదు, బొమ్మలో ఆ భాగం మెరుస్తుంది. అయితే మెరిసిందల్లా క్యాన్సర్ కాదు. చిక్కబడ్డ రక్తం, చీము, డెర్మాయిడ్‌లోని కెరాటిన్ (గోళ్ళు, వెంట్రుకల్లో ఉండే పదార్థం) కూడా మెరుస్తాయి. డిఫ్యూజన్ ఒక్కటే చూసి రిపోర్టు రాసేవాళ్ళు డెర్మాయిడ్‌లని క్యాన్సర్లు చేసిన సందర్భాలు నేను చూశాను.

దాని అసలు బలం ఇంకోచోట ఉంది. గట్టి గడ్డ టీ2లో నల్లగా ఉండి, డిఫ్యూజన్‌లో కూడా నల్లగా ఉంటే ఇక కంగారు అక్కర్లేదు. అది పీచుతో నిండిన గడ్డ. మా వాళ్ళం ముద్దుగా డార్క్-డార్క్ అంటాం. అలాంటి గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం వందకి ఒకటి కూడా లేదు. మొదట్లో చెప్పినావిడ గడ్డకి సగం పరీక్ష జరిగింది. ఒక డార్క్ నా ముందే ఉంది, రెండోది నేను తీయించలేదు. తీయడానికి ఐదారు నిమిషాలు పట్టేది.

డైనమిక్ కాంట్రాస్ట్ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చేతి నరంలోకి గాడోలినియం మందు ఎక్కిస్తూ, 15 సెకన్లకి ఒకసారి చొప్పున నాలుగు నిమిషాలకి పైగా అదే చోటు బొమ్మలు తీస్తాం. డెల్టాలో కాలవకి నీళ్ళొదిలినప్పుడు ఏ పొలం ముందు తడుస్తుందో, ఏది చివరిదాకా బీటలు వేసుకుని ఉంటుందో గట్టు మీద నుంచుని చూసినట్టే. క్యాన్సర్ తనకోసం కొత్త రక్తనాళాలు తవ్వుకుంటుంది కాబట్టి మందు దూసుకొస్తుంది. పీచు గడ్డలోకి నెమ్మదిగా ఇంకుతుంది. ఎంత వేగం అంటే ఎక్కువ వేగం అని చెప్పడానికి ఒక కొలబద్ద కావాలి కదా, అది ఆవిడ గర్భసంచి కండరమే. మందు ఎక్కే తీరుని గ్రాఫుగా గీస్తే, గడ్డ గ్రాఫు గర్భసంచి గ్రాఫు కంటే నిటారుగా లేచి, పైకెళ్ళి నిలబడితే ప్రమాదం. అంతకంటే నెమ్మదిగా లేచి నిలబడితే మధ్యరకం. మెల్లగా, ఎక్కడా ఆగకుండా వాలుగా పాకుతూ పోతే తక్కువ ప్రమాదం.

ఈ గ్రాఫునీ, గడ్డలోని సరుకునీ కలిపి ఒకటి నుంచి ఐదు దాకా నంబరు ఇచ్చే పద్ధతికి ఓ-రాడ్స్ ఎంఆర్‌ఐ అని పేరు. పారిస్‌కి చెందిన ఇజబెల్ తొమాసాం నగారా బృందం నడిపిన అధ్యయనం దీనికి పునాది. 15 కేంద్రాల్లో 1340 మందిని చేర్చుకున్నారు, 2020లో ప్రచురించారు. అందరూ అల్ట్రాసౌండ్‌కి అంతుబట్టని గడ్డలున్నవాళ్ళే. అయినా చివరికి తేలిందేమిటంటే, బోర్డర్‌లైన్ గడ్డలు (క్యాన్సర్‌కీ మామూలు గడ్డకీ మధ్య రకం) కలుపుకున్నా క్యాన్సర్లు ఐదోవంతు కూడా లేవు. ఉన్న క్యాన్సర్లలో వందకి 93 ఈ నంబరుకి దొరికాయి. క్యాన్సర్ కానివాటిలో వందకి 91 కానివిగానే తేలాయి.

నంబరు 2 అంటే క్యాన్సర్ అవకాశం అర శాతం లోపు. 3 అంటే సుమారు 5 శాతం, 4 అంటే సగానికి సగం, 5 అంటే 90 శాతం దాకా. ఇందులో 4 మాత్రం అందరినీ ఏడిపిస్తుంది. బొమ్మా బొరుసే అది. కానీ "కెనాట్ రూల్ అవుట్" కంటే అదీ మేలే, ఎందుకంటే సగం అని నోరు తెరిచి చెప్పినప్పుడు అవతలి మనిషి తన వయసు, పిల్లలు, భయం అన్నీ పక్కన పెట్టుకుని తూచుకోగలదు. నా పాత ఊతపదంలో అర శాతమూ ఇమిడిపోతుంది, తొంభై శాతమూ ఇమిడిపోతుంది. దేన్నని తూస్తుంది పాపం?

ఈ నంబరు ఆపరేషన్‌నే మార్చేస్తుంది. 2 వస్తే గడ్డని వదిలేయొచ్చు, తీయాల్సివస్తే లాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల ఆపరేషన్‌లో) గడ్డ మాత్రం ఒలిచి ఓవరీ ఉంచొచ్చు. ఊళ్ళో గైనకాలజిస్టు చాలు. 5 వస్తే మాత్రం దగ్గర్లో ఉందని ఎక్కడ పడితే అక్కడ కడుపు తెరిపించకూడదు, గైనిక్ క్యాన్సర్ సర్జన్ ఉన్నచోటికే వెళ్ళాలి. పొర లోపలే ఉన్న తొలిదశ క్యాన్సర్ గడ్డ ఆపరేషన్ బల్ల మీద పగిలిందంటే 1ఎ దశ కాస్తా 1సి దశ అయిపోతుంది, అవసరం లేకుండా పోయే కీమోథెరపీ కొందరికి తప్పనిసరి అవుతుంది. ఈ తేడా తెలియక జరిగే నష్టం రెండు వైపులా ఉంది. కానిదాన్ని క్యాన్సర్ అనుకుని అన్నీ ఊడ్చేయడం ఒక వైపు, అయినదాన్ని మామూలు సిస్ట్ అనుకుని సూదితో నీరు లాగేయడం ఇంకో వైపు. రెండోది ఇంకా ఘోరం.

ఇప్పుడు మన దగ్గరి తిరకాసు చెప్పాలి. ఈ పద్ధతి మొత్తానికి కొలబద్ద గర్భసంచి అన్నాను కదా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలంగాణలో 7.7. నా టేబుల్ మీదికి వచ్చే నడివయసు స్త్రీలలో చాలామందికి పోల్చి చూడటానికి గర్భసంచే ఉండదు! "ఓవరీలు ఉంచారామ్మా, తీశారా" అంటే తెలీదంటారు. తీయించుకున్నది వాళ్ళే, ఏం తీశారో చెప్పినవాళ్ళు లేరు. అలాంటప్పుడు పాకే గ్రాఫుని దాని రూపం చూసి పోల్చుకోగలం కానీ, మధ్యరకానికీ ప్రమాదరకానికీ మధ్య గీత చెరిగిపోతుంది. ఎక్కడో తయారైన తక్కెడ ఇక్కడికి తెచ్చుకున్నాం, ఇక్కడ తూకంరాళ్ళు ఎప్పుడో పీకేసుకున్నాం.

రెండో తిరకాసు క్షయ. కడుపు పొరకి టీబీ పట్టినప్పుడు నీరు చేరుతుంది, పొర మందంగా గడ్డలు కడుతుంది, సిఏ-125 వందల్లోకి పోతుంది. ఎంఆర్‌ఐలో అచ్చం ముదిరిన ఓవరీ క్యాన్సర్‌లా ఉంటుంది, నంబరు వేస్తే 5 పడుతుంది. కాబట్టి మన దేశంలో 5 చూడగానే, ముఖ్యంగా వయసు చిన్నదై జ్వరం, బరువు తగ్గడం ఉన్నప్పుడు, ముందు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపమంటాను. క్యాన్సర్ అని గట్టిగా అనుకున్నవాళ్ళు ఆరు నెలల మాత్రలతో కోలుకుని పెళ్ళి కార్డు పట్టుకొచ్చిన సంఘటన నా అనుభవంలోనే ఉంది. నంబరుకి నిలబడాలన్నాను కానీ నంబరుకి దాసోహం అనమనలేదు.

"మీకేం, చెబుతారు, డబ్బులెవరిస్తారు" అని అడిగేవాళ్ళకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కూలికి పోయే ఇంట్లో మూడు వేలు మాటలు కాదు. కానీ ఆ మూడు వేలు మిగుల్చుకున్న ఇల్లు ఆపరేషన్‌కి ఎంత ఖర్చు పెట్టింది, ఓవరీలు పోయాక బలహీనపడే ఎముకల కోసం మాత్రలకి ఎంత పెడుతోంది? కిడ్నీలు బాగున్నాయో లేదో చూసుకుని ఇస్తే కాంట్రాస్ట్‌తో పెద్దగా భయం కూడా లేదు. గర్భిణికి మాత్రం ఇవ్వం. డైనమిక్‌గా తీయడం కుదరకపోతే ఇంజెక్షన్ ఇచ్చిన 30 నుంచి 40 సెకన్లకి తీసిన బొమ్మలో గర్భసంచి కంటే గడ్డ తెల్లగా ఉందా లేదా చూసి సరిపెట్టుకోవచ్చు. అయితే ఒక కిటుకుంది. అలా చేస్తే, డార్క్-డార్క్ కాని గట్టి భాగం ఉన్న గడ్డకి 4 లేదా 5 మాత్రమే వస్తుంది. మెల్లగా పాకే గ్రాఫు చూపించి 3కి దింపే దారి మూసుకుపోతుంది. ఆదా చేసిన ఆ నాలుగు నిమిషాలకి 5 శాతం మనిషి 50 శాతం మనిషి అయిపోతుంది.

మా సెంటర్ యజమానితో ఈ నిమిషాల దగ్గరే నాకు గొడవ. రోజుకి రెండు స్కాన్లు తగ్గుతున్నాయంటాడు. నిజమే, తగ్గుతున్నాయి.

కిందటి వారం మా టెక్నీషియన్ కన్సోల్ నుంచి ఫోన్ చేశాడు. "మేడం, పెళ్ళి కావాల్సిన పిల్లంట, ఇంజెక్షన్ వద్దంటోంది వాళ్ళమ్మ." వెళ్ళి మాట్లాడాను. పది నిమిషాలు పట్టింది. చాక్లెట్ సిస్ట్, లోపలి గోడకి అతుక్కుని ఒక ముద్ద. ఆ ముద్ద కండ అయితే క్యాన్సర్ మొదలు, రక్తపు గడ్డ అయితే ఏమీ కాదు. చుట్టూ రక్తం ముందే తెల్లగా ఉంది కాబట్టి మందు ఎక్కిందో లేదో కంటికి ఆనదు. ఇంజెక్షన్ తర్వాతి బొమ్మలోంచి ముందటి బొమ్మని తీసివేస్తే మందు ఎక్కినంత మేరే మిగులుతుంది. తీసివేశాం. ముద్ద ఉన్నచోట నల్లటి ఖాళీ మిగిలింది. రక్తపు గడ్డే. 2 అని రాసి, ఎందుకలా అన్నానో కింద రెండు ముక్కల్లో రాశాను. గైనకాలజిస్టు ఫోన్ చేసి "ఓవరీ ఉంచెయ్యొచ్చంటారా?" అంది. ఉంచెయ్యండి అన్నాను. చెయ్యి కొంచెం వణికింది, అబద్ధమెందుకు.

నడుం నొప్పి ఆవిడ రిపోర్టు కోసం మర్నాడు సాయంత్రం వచ్చింది. కూతురు కూడా వచ్చింది. కూర్చోబెట్టి, ఆ మడత విప్పి, బయాప్సీ కాగితం తెలుగులో చదివి చెప్పాను. అది క్యాన్సర్ కాదనీ, ఆ రోజు నేను చేయాల్సిన పరీక్ష పూర్తిగా చేయలేదనీ, చేసి ఉంటే అన్నీ తీయాల్సిన అవసరం వచ్చి ఉండేది కాదనీ చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. చాలాసేపు ఆ కాగితం వైపే చూసింది. తర్వాత కూతురి భుజం మీద చెయ్యి వేసి, "నాకొచ్చింది దీనికీ వస్తుందేమోనని ఏడాదికోసారి కడుపు స్కానింగ్ తీయిస్తున్నాను డాక్టరమ్మా. అయితే మానిపించొచ్చా?" అంది.